పెట్టె పక్కన అమ్మకు చోటు

"బిడ్డ ఎలా ఉంది?" అని అడిగితే "బాక్సులో పెట్టారు" అంటారు మన ఊళ్లలో. నెలలు నిండకుండా పుట్టిందనీ, బరువు చాలదనీ, ఊపిరి కోసం తంటాలు పడుతోందనీ వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క మాటలో అన్నీ వచ్చేస్తాయి. తర్వాతి ప్రశ్నలూ బిడ్డ గురించే ఉంటాయి. ఎన్ని గ్రాములుంది? ఎన్నాళ్లుంచుతారట? రోజుకు ఎంతవుతోంది? బిడ్డను బాక్సులో పెట్టాక అమ్మ ఎక్కడుందని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. ఆమె పై అంతస్తు వార్డులో కుట్ల నొప్పితో పడుకుని ఉంటుంది. లేదా వేరే ఊళ్లో, కాన్పు అయిన ఆసుపత్రిలోనే ఉండిపోయి ఉంటుంది. పాలు చేపుకొచ్చి రొమ్ములు గట్టిపడి, తాగే బిడ్డ దగ్గర లేక జ్వరం తెచ్చుకుని ఉంటుంది. తండ్రి మెట్ల మీద, చేతిలో మందుల చీటీతో కనిపిస్తాడు. అమ్మమ్మ గేటు బయట ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంటుంది.

బాక్సుకు నూట నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాని పక్కన అమ్మ కూర్చునే చోటుకూ ఒక చరిత్ర ఉంది. అది తిన్నగా సాగలేదు. మొదట్లోనే ఆ చోటు దొరికినట్టే దొరికి చేజారింది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు తలుపులు మూసుకుపోయాయి. మళ్లీ తెరుచుకున్నప్పుడు ముందుగా తెరిచినవాళ్లలో డబ్బున్న ఆసుపత్రులకన్నా నర్సులు చాలని, పెట్టెలు చాలని ఆసుపత్రులే ఎక్కువ.

కథ పారిస్‌లో, ఒక జంతుప్రదర్శనశాలలో మొదలవుతుంది. 1870ల చివర ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ తార్నియే అక్కడ కోడిగుడ్లు పొదిగించే వెచ్చని పెట్టెలు చూశాడు. వాటిని తయారుచేసిన ఒదిల్ మార్తాన్ చేతనే పసిబిడ్డల కోసం అలాంటిదొకటి చేయించాడు. 1881 నాటికి అది పారిస్ మెటర్నిటీ ఆసుపత్రికి చేరింది. కింద వేడినీళ్లు, పైన బిడ్డలు, మూతకు అద్దం. అప్పట్లో ఆ ఆసుపత్రిలో రెండు కిలోలలోపు బరువుతో పుట్టినవాళ్లలో నూటికి 66 మంది చనిపోయేవారు. పెట్టె వచ్చాక ఆ సంఖ్య 38కి తగ్గిందని 1883లో అతని సహాయకుడు ఓవార్ లెక్క ప్రచురించాడు. వేడి ఒక్కటే ఇంత పని చేసిందా అంటే, చేసింది. నెలలు నిండని బిడ్డ ఒంట్లో కొవ్వు ఉండదు, చర్మం పల్చన. ఒళ్లు చల్లబడితే ఊపిరి, గుండె అన్నీ కుంటుపడతాయి. పూర్వం మంత్రసానులు దూదిలో చుట్టి, కుంపటి పక్కన పెట్టి చేసిన పనినే ఆ పెట్టె నిలకడగా చేసింది.

1893లో అదే ఆసుపత్రి ప్రధాన మంత్రసాని మేడమ్ ఆన్రీ చొరవతో బలహీన శిశువులకు ప్రత్యేక వార్డు ఏర్పడింది. 1895లో తార్నియే స్థానంలోకి పియర్ బుదాన్ వచ్చాడు. నెలతక్కువ బిడ్డల వైద్యానికి పితామహుడిగా చెప్పుకునేది ఈయన్నే. బిడ్డ బతకాలంటే వేడి, పాలు, అంటురోగాల నుంచి రక్షణ కావాలని ఆయన శాస్త్రబద్ధంగా చూపించాడు. ఆయన కన్ను ఇంకోచోట కూడా పడింది. పెట్టెలో బతికి బట్టకట్టిన బిడ్డను తీసుకెళ్లడానికి కొందరు తల్లులు రావడంలేదు. వారాల తరబడి ఒంటికి తగలని, పాలివ్వని, ఏడుపు వినని బిడ్డ మీద వాళ్లకు మమకారం సడలిపోతోంది. 1900లో వచ్చిన తన పుస్తకం 'ల నూరిసాన్'లో బుదాన్ ఈ సంగతిని దాచకుండా రాశాడు. బిడ్డ ప్రాణం నిలబెట్టి తల్లిని పోగొట్టుకున్నామని ఆయన బాధ. అందుకే తల్లులు ఆసుపత్రికి వచ్చి పాలివ్వాలని పట్టుబట్టాడు. అద్దం గోడల పెట్టెలనే ప్రోత్సహించాడు. ఇంటికెళ్లిన బిడ్డల్ని వారం వారం తూచి చూసే క్లినిక్‌ను అంతకు ముందే, 1892లోనే, పారిస్‌లో నడిపాడు.

ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. తల్లి మనసు గురించిన ఆలోచన ఈ వైద్యానికి ఈమధ్య అతికించిన సొబగు కాదు. వైద్యం పుట్టిన తొలి ఇరవై ఏళ్లలోనే, దాన్ని పుట్టించినవాడే గమనించిన విషయం. ఆ గమనికను తర్వాతి తరం చేజార్చుకుంది.

ఎలా చేజారిందంటే, పెట్టె సంతకు వెళ్లింది. 1896 బెర్లిన్ ప్రదర్శనలో ఆరు ఇంక్యుబేటర్లలో సజీవంగా ఉన్న పసిబిడ్డల్ని పెట్టి టికెట్టు అమ్మారు. జనం విరగబడ్డారు. మరుసటి ఏడాది లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో, 1898లో అమెరికాలోని ఒమాహాలో, 1901లో బఫెలోలో అలాంటి ప్రదర్శనలే. వీటిలో కొన్నింటిని నడిపిన మార్టిన్ కూనీ బుదాన్ శిష్యుణ్ణని చెప్పుకునేవాడు. 1903 నుంచి 1943 దాకా న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో, రంగులరాట్నాల మధ్య, అతని శిశుశాల ప్రతి వేసవిలో తెరుచుకునేది. టికెట్టు పావు డాలరు. ఆ డబ్బుతోనే నర్సుల జీతాలు, పాలిచ్చే దాదుల ఖర్చులు గడిచేవి. బిడ్డల తల్లిదండ్రుల దగ్గర మాత్రం అతను పైసా తీసుకోలేదు. చాలా ఆసుపత్రులు ఈ బిడ్డలు బతకరని చేతులెత్తేసిన రోజులవి. 1911లో కోనీ ఐలాండ్‌లోని డ్రీమ్‌ల్యాండ్ తగలబడినప్పుడు లోపలున్న బిడ్డలందర్నీ సిబ్బంది క్షేమంగా బయటికి తెచ్చారు. వేల మందిని బతికించానని కూనీ చెప్పేవాడు. అతని చేతుల్లో బతికినవాళ్లు ముసలితనం దాకా అతన్ని తలుచుకున్నారు. సంతలో పెట్టి చూపించాడని అతన్ని చిన్నచూపు చూడటం సులువే. కానీ అప్పట్లో ఆ బిడ్డలకు ఇంకో దారి ఎవరు చూపించారు?

అయితే ఆ ఏర్పాటులో తల్లికి పని లేదు. ఆమెకు ఉచిత పాసు ఇచ్చేవారు. అంటే ఆమె కూడా మిగతా జనంతో పాటు కటకటాల అవతల నిలబడి చూడొచ్చు. రెండుంబావు కిలోలకు పెరిగిన బిడ్డను ఇంటికి తీసుకెళ్లమంటే తల్లిదండ్రులు వెనకాడటం కూనీకి పెద్ద తలనొప్పి అయ్యేదని తర్వాతి పరిశోధకులు రాశారు. పారిస్‌లో బుదాన్ చూసినదే మళ్లీ ఇక్కడ.

1922లో షికాగోలో పిల్లల వైద్యుడు జూలియస్ హెస్ నెలతక్కువ బిడ్డలకు ఆసుపత్రిలోనే ప్రత్యేక కేంద్రం తెరిచాడు. అదే ఏడు వాళ్ల వైద్యం మీద పుస్తకమూ తెచ్చాడు. అక్కణ్నుంచి ఈ పని సంత వదిలి ఆసుపత్రికి చేరింది. మంచిదే. కానీ ఆసుపత్రులకు వాటి భయాలు వాటికున్నాయి. యాంటీబయాటిక్స్ ఇంకా రాని కాలం. ఒక నర్సరీలో విరేచనాలు మొదలైతే వారంలో గది ఖాళీ అయ్యేది. బయటి మనిషి వెంట రోగం వస్తుందనుకున్నారు, తల్లి కూడా బయటి మనిషే అయింది. బిడ్డను వీలైనంత తక్కువగా ముట్టుకోవాలన్నది నియమం. ముట్టుకోవాల్సి వస్తే శిక్షణ పొందిన నర్సే ముట్టుకోవాలి. అమ్మకు కిటికీ అద్దం మిగిలింది. నర్సు అవతలి నుంచి పొత్తిళ్ల బిడ్డను ఎత్తి చూపిస్తుంది, అమ్మ చూసి వెళ్లిపోతుంది. ఈ నియమం పెట్టినవాళ్లు కఠినులేం కారు. కళ్లముందు బిడ్డలు పోతుంటే చేయగలిగింది చేశారు. అయితే పెన్సిలిన్ వచ్చాక కూడా, అంటురోగాల భయం తగ్గాక కూడా, అద్దం అక్కడే ఉండిపోయింది. కారణం పోయినా కట్టుబాటు పోదు.

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీ భార్య జాక్వెలిన్‌కు అయిదున్నర వారాలు ముందుగా సిజేరియన్ చేశారు. ప్యాట్రిక్ 2.1 కిలోలు. ఈ రోజుల్లో జిల్లా ఆసుపత్రి కూడా ధైర్యంగా చేతిలోకి తీసుకునే బరువది. ఊపిరితిత్తులు విచ్చుకోలేదు. బిడ్డను బోస్టన్‌కు తరలించారు, తల్లి సైనిక ఆసుపత్రిలోనే ఉండిపోయింది. 39 గంటలు బతికి 9వ తేదీ తెల్లవారుజామున బిడ్డ కన్నుమూశాడు. అంత్యక్రియలకు కూడా ఆమె వెళ్లలేకపోయింది. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన ఇంట్లోనూ కథ ఇంతే: బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట. ఆ మరణం తర్వాత నవజాత శిశువుల ఊపిరితిత్తుల పరిశోధన ఊపందుకుంది. తల్లి సంగతి పట్టించుకున్న పరిశోధకులు అప్పటికి కొద్దిమందే.

వాళ్లలో ఇద్దరు డేవిడ్ కాప్లాన్, ఎడ్వర్డ్ మేసన్. నెలతక్కువ బిడ్డను కన్న తల్లులతో మాట్లాడి 1960లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ తల్లి నాలుగు మెట్లు దాటాలన్నారు. బిడ్డ దక్కకపోవచ్చన్న దుఃఖాన్ని ముందుగానే మోయాలి. నిండుబిడ్డను కనలేకపోయానన్న బాధను ఒప్పుకోవాలి. బిడ్డ నిలబడుతుందని తెలిశాక, భయంతో వెనక్కి లాక్కున్న మనసును మళ్లీ ముందుకు తేవాలి. చివరికి, ఈ బిడ్డకు వేరే రకం సాకుడు కావాలనీ, అది కొన్నాళ్ల ముచ్చటేననీ అర్థం చేసుకోవాలి. ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) బయట కూర్చున్న ఏ తల్లి దగ్గరికి వెళ్లినా ఈ నాలుగింటిలో ఏదో ఒక మెట్టు మీద కనిపిస్తుంది. పేరు పెట్టడానికి జంకే తల్లి, పాలు పిండి ఇచ్చి బిడ్డను చూడకుండా వెళ్లిపోయే తల్లి రాతిగుండెవాళ్లు కారు. మొదటి మెట్టు మీద ఉన్నారంతే.

మన ఇళ్లలో ఆ మెట్ల మీద ఇంకొన్ని బరువులు కూడా పడతాయి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదన్న నమ్మకం తెలుగునాట ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రాచీన గ్రీకు వైద్యగ్రంథాల్లోనూ ఇదే ఉంది. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. అయినా ఎనిమిదో నెలలో కన్న తల్లి చెవిలో ఆ మాట పడనే పడుతుంది. బరువులు ఎత్తిందనో, ప్రయాణం చేసిందనో, గ్రహణం చూసిందనో తప్పు ఆమె మీదికే వస్తుంది. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల. బిడ్డ బాక్సులో ఉండగానే ఆ రోజులు గడిచిపోతాయి. ఉయ్యాల ఎక్కించాల్సిన రోజున ఆమె ఉగ్గుగిన్నెలో పాలు పిండుకుంటూ ఉంటుంది. బాలింత గాలి తగలకుండా ఇంట్లో ఉండాలన్న పట్టింపు మంచికి పుట్టినదే, కానీ ఇక్కడ బిడ్డకూ ఆమెకూ మధ్య మరో అద్దమవుతుంది.

అద్దానికి తొలి బీటలు తేవడంలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌ది ముఖ్యమైన వంతు. 1960ల మధ్యలో అక్కడ మార్షల్ క్లాస్, హెర్బర్ట్ లీడర్‌మన్, క్లిఫర్డ్ బార్నెట్, సోషల్ వర్కర్ రోజ్ గ్రోబ్‌స్టైన్ కలిసి ఒక సాహసం చేశారు. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని తల్లులు లోపలికొచ్చి బిడ్డను ముట్టుకోవచ్చన్నారు. రోగాలు పెరుగుతాయని అందరూ కాచుకుని చూశారు. పెరగలేదు. నర్సులకు అడ్డమవుతారనుకున్నారు. అవలేదు. 1970లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత క్లాస్, జాన్ కెనెల్ కలిసి 1976లో తల్లీబిడ్డల అనుబంధం మీద రాసిన పుస్తకం ఆసుపత్రుల అలవాట్లను కదిలించింది. అందులో ఒక పొరపాటు కూడా ఉంది, దాన్ని చెప్పకపోతే తల్లులకు అన్యాయం. పుట్టిన తొలి గంటల్లోనే బంధం కుదరాలన్నట్టుగా ఆ వాదన జనంలోకి వెళ్లింది. ఆ గంటల్లో మత్తులోనో, వేరే ఊళ్లోనో ఉండిపోయిన తల్లులు జీవితాంతం తప్పు చేసినట్టు కుమిలిపోయారు. తర్వాతి పరిశోధనలు ఆ గడువును కొట్టేశాయి. ఆలస్యంగా మొదలైనా బంధం బంధమే.

అమెరికా ఇలా కొలతలు వేసుకుంటూ ఒక్కో తలుపు తీస్తుంటే, లేమి ఉన్నచోట్ల తలుపులు తమంతట తామే ఊడిపోతున్నాయి.

స్టాన్‌ఫర్డ్‌కన్నా పదేళ్ల ముందే, 1950ల్లో, దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్ బారగ్వనాత్ ఆసుపత్రిలో, నల్లజాతివారి కోసం కేటాయించిన ఆ పెద్ద ఆసుపత్రిలో, నర్సులు చాలక తల్లుల్నే నర్సరీలోకి రానిచ్చి బిడ్డల పనుల్లో చెయ్యి కలపనిచ్చారు. 1979లో సోవియట్ పాలనలో ఉన్న ఎస్టోనియాలో, టాలిన్ పిల్లల ఆసుపత్రిలో అదిక్ లెవిన్‌కూ అదే కొరత. ఆయన తల్లుల్ని రోజంతా బిడ్డ దగ్గరే ఉంచాడు. ఉష్ణోగ్రత చూడటం, పాలు పట్టడం, ఒళ్లు తుడవడం తల్లివి. సూదులు, మందులు, సలహా నర్సువి. బిడ్డకు వీలైనన్ని తక్కువ చేతులు తగలాలి, ఆ చేతులు అమ్మవి కావాలి. బిడ్డలు బాగా బరువెక్కారు, అంటురోగాలు తగ్గాయి. షికాగో కాలపు నియమం సరిగ్గా తిరగబడింది. అప్పుడు రోగం తెచ్చే మనిషనుకున్న తల్లే ఇప్పుడు రోగానికి అడ్డుగోడ.

అన్నిటికన్నా పేరు మోసింది కొలంబియా రాజధాని బొగోటా. అక్కడి మాతాశిశు ఆసుపత్రిలో పేద తల్లులకు ఏటా వేలల్లో కాన్పులయ్యేవి. ఒక్క ఇంక్యుబేటర్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలు, ఒకరి రోగం ఒకరికి, బతికినవాళ్లలో కొందరిని తల్లులు అక్కడే వదిలి వెళ్లడం. 1978లో డాక్టర్ ఎద్గార్ రే సనాబ్రియా ఒక మార్గం ఎంచుకున్నాడు. మరుసటి ఏడాది ఎక్తోర్ మార్తినెజ్ జతయ్యాడు. బిడ్డను దిసమొలతో, టోపీ పెట్టి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా గుడ్డతో కట్టేయడమే ఆ మార్గం. కంగారూ తన సంచిలో పిల్లను పెంచినట్టు. తల్లి ఒంటి వేడి నిలకడైనది, పాలు నోటి దగ్గరే, గుండె చప్పుడు కడుపులో విన్నదే. ఇంక్యుబేటర్లు సరిపోయాయి. వదిలేసి వెళ్లిన బిడ్డల సంఖ్య పడిపోయింది.

1980ల్లో యూనిసెఫ్ ఈ పద్ధతిని లోకానికి చెప్పింది. ఐరోపా వైద్యులు మొదట నొసలు ముడిచారు. అప్పటికే గండం గడిచిన బిడ్డల్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని మరణాలు తగ్గాయనడం సరికాదని 1985లో 'లాన్సెట్'లో రాశారు. ఆ విమర్శ న్యాయమైనదే. దానికి జవాబు చెప్పే పనిని బొగోటాలోనే నథాలీ చార్పాక్ బృందం తలకెత్తుకుంది, పద్ధతిగా పరీక్షలు జరిపింది. వాళ్ల తొలి పరీక్షలో కంగారూ పద్ధతిలో పెరిగిన బిడ్డల్ని ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని కొలిచారు. 2016 చివర్లో ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లలు బడి మానడం తక్కువ, దుడుకుతనం తక్కువ. వాళ్ల ఇళ్లల్లో తల్లిదండ్రులు బిడ్డను అంటిపెట్టుకుని ఉన్నారు. ఒక గుడ్డకట్టు ఇరవై ఏళ్ల ఇంటి వాతావరణాన్ని మార్చగలగడం ఈ చరిత్రలోకెల్లా ఆశ్చర్యమైన ఘట్టం.

ఇంతలో ఇంకో గొంతు వినిపించడం మొదలైంది. అది తల్లిదండ్రులది. నెలతక్కువ బిడ్డ తల్లి హెలెన్ హారిసన్ 1983లో తనలాంటివాళ్ల కోసం పెద్ద పుస్తకం రాసింది. 1993లో 'పీడియాట్రిక్స్' పత్రికలో కుటుంబం కేంద్రంగా సాగే నవజాత వైద్యానికి సూత్రాలు ప్రకటించింది. నిజం దాచొద్దు, బిడ్డ నొప్పిని పట్టించుకోండి, నిర్ణయాల్లో మమ్మల్ని కలుపుకోండి అన్నది వాటి సారం. అదే ఏడాది పరిశోధకురాలు మార్గరెట్ మైల్స్ బృందం ఎన్ఐసీయూలో తల్లిదండ్రుల ఒత్తిడిని కొలిచే పట్టిక తెచ్చింది. ఆ పట్టికతో తర్వాత ఎన్నో దేశాల్లో అడిగారు. మానిటర్ల కూతలు, గొట్టాలు, బిడ్డ నీలం తిరగడం అన్నీ భయపెడతాయి. కానీ పదేపదే పైకి తేలింది ఇంకొకటి. నా బిడ్డకు నేను అమ్మను కాలేకపోతున్నాను, ఎత్తుకోలేను, పాలివ్వలేను, ఏడిస్తే ఓదార్చలేను అన్న బాధ. ధైర్యం చెప్పేవాళ్లు కరువని కాదు, చేయడానికి పని కరువని దాని అర్థం. తల్లిదండ్రులకు మనోధైర్యం ఇవ్వడమంటే కౌన్సెలర్ గదిలో అరగంట కూర్చోబెట్టడమేనని చాలామంది అనుకుంటారు. కౌన్సెలర్ కావాలి, కాదనలేం. దానికన్నా ముందు బిడ్డ పక్కన ఒక కుర్చీ కావాలి.

కెనడాలో శిశువైద్యుడు షూ లీ ఎస్టోనియాలో లెవిన్ పద్ధతి చూసి, దాన్ని టొరంటో మౌంట్ సినాయ్ ఆసుపత్రిలోకి తెచ్చాడు. తల్లో తండ్రో రోజుకు కనీసం ఆరు గంటలు బిడ్డ దగ్గర ఉండాలి. డాక్టర్ల రౌండ్లో బిడ్డ సంగతి వాళ్లే చెప్పాలి. ఇదే దారి నడిచి బయటపడ్డ పాత తల్లిదండ్రులు వచ్చి కొత్తవాళ్ల పక్కన కూర్చోవాలి. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 26 యూనిట్లలో దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. బిడ్డలు బాగా బరువెక్కారు, తల్లిదండ్రుల ఆందోళన తగ్గింది. ఈ రెండూ ఒకే చర్యతో రావడం గమనించదగ్గది.

మన దేశంలో ఈ కథ ఇంకా పెద్దది. 2020లో ప్రపంచమంతా కలిపి కోటీ 34 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో దాదాపు 30 లక్షల మంది ఇక్కడే. ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో ఆసియాలోనే తొలి తల్లిపాల బ్యాంకు తెరిచారు. హైదరాబాద్‌లో నిలోఫర్ రాకుమారి చొరవతో వెలసి 1953 నుంచి నడుస్తున్న పిల్లల ఆసుపత్రిలోనూ తర్వాత అలాంటి బ్యాంకు వచ్చింది. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ అరుణ్ సింగ్ చుట్టుపక్కల ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి నవజాత శిశువుల యూనిట్ నిలబెట్టారు. ఇప్పుడు జిల్లా జిల్లాకూ కనిపించే ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ యూనిట్లకు (ఎస్ఎన్‌సీయూ) అదే నమూనా. యూనిట్లు పెరిగాయి, ప్రాణాలు నిలబడ్డాయి. తలుపుల మీద మాత్రం 'లోపలికి ప్రవేశం లేదు' అన్న బోర్డూ పెరిగింది. షికాగో నుంచి మనకు పెట్టెతో పాటు అద్దం కూడా వచ్చింది.

ఆ బోర్డును ముందుగా పక్కకు జరిపినవాళ్లలో ఢిల్లీ రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రిలో డాక్టర్ ఆర్తి మారియా బృందం ఒకటి. తల్లితో పాటు తండ్రికీ, అమ్మమ్మకూ, నాయనమ్మకూ చేతులు కడగడం, పాలు పట్టడం, బిడ్డను శుభ్రం చేయడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టడం నేర్పి లోపలికి పంపారు. స్టాన్‌ఫర్డ్ ప్రశ్ననే ఇక్కడా వేసుకుని జాగ్రత్తగా పరీక్షించారు. రోగాలు పెరగలేదు. 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇదే పద్ధతికి మార్గదర్శకాలు విడుదల చేసింది. కాగితం మీద ఉన్నది ప్రతి వార్డులోకీ రావాలంటే కుర్చీ, తువ్వాలు, చేతులు కడుక్కునే నీళ్లు, బాలింతకు రెండు పూటలా అన్నం, పడుకోను మంచం కావాలి. పథకాలు ఆగిపోయేది ఇలాంటి చిన్న వస్తువుల దగ్గరే.

హర్యానా పల్లెల్లో ఇంకో పరీక్ష జరిగింది. ఇంట్లోనే కంగారూ పద్ధతి చేసేలా తల్లుల్ని ఇంటింటికీ వెళ్లి ప్రోత్సహించారు. బిడ్డల బతుకు మెరుగుపడిందని 2019లో తేలింది. అక్కడి తల్లుల మనసునూ కొలిచారు. మామూలుగా ఉన్న తల్లుల్లో నూటికి 13.6 మందిలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ప్రసవానంతర కుంగుబాటు లక్షణాలు కనిపిస్తే, బిడ్డను గుండెకు కట్టుకున్నవాళ్లలో అది 10.8. గుడ్డకట్టు బిడ్డకే కాదు, అమ్మకూ మందే అని మన నేల మీదే రుజువైంది.

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి చేసింది అన్నిటికన్నా తెగువైన పని. పాత పద్ధతిలో బిడ్డ గండం గడిచి కుదుటపడ్డాకే కంగారూ మొదలుపెట్టేవారు. గండంలో ఉన్నప్పుడే మొదలుపెడితే? ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన ఈ పరీక్షలో భారత్‌తో పాటు ఘానా, మలావి, నైజీరియా, టాంజానియా పాల్గొన్నాయి. అయిదూ లేమి తెలిసిన దేశాలే. కిలో నుంచి 1.8 కిలోలలోపు బరువున్న 3,211 మంది బిడ్డలు. తల్లి మంచం ఐసీయూలోనే, బిడ్డ పక్కనే. ఆమె కుట్లు, బీపీ చూడటానికి ప్రసూతి డాక్టర్లే అక్కడికి రావాలి. ఒకే గదిలో ఇద్దరు రోగులు, ఇద్దరికీ వైద్యం. పుట్టిన 28 రోజుల్లో పాత పద్ధతిలో నూటికి 15.7 మంది పోతే, కొత్త పద్ధతిలో 12 మంది. తేడా ఇంత తేటగా ఉన్నాక మిగతా బిడ్డల్ని పాత పద్ధతిలో ఉంచడం తగదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2021లో ఫలితం అచ్చయింది. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు మార్చింది. తల్లి ఒంటి స్పర్శ వెంటనే మొదలవ్వాలి, కుటుంబం వైద్యంలో భాగం కావాలి, వాళ్లకు ఓదార్పూ, శిక్షణా, సెలవూ దొరకాలి అంది. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి తల్లిదండ్రులకు 12 వారాల దాకా అదనపు సెలవు చట్టమైంది. మన దగ్గర బిడ్డ ఐసీయూలో ఉండగా దినకూలీ తండ్రి మెట్ల మీద కూర్చున్న రోజుకు కూలి పోతూనే ఉంది. దీని గురించి మాట్లాడకుండా కుటుంబానికి అండ అనడం సగం మాటే.

సఫ్దర్‌జంగ్‌తో సహా ఆ అయిదు ఆసుపత్రుల్లో, ఐసీయూలో బిడ్డలు రోజుకు సగటున దాదాపు 17 గంటలు మనిషి గుండె మీదే గడిపారు. పాత పద్ధతిలో అది గంటన్నర. పదిహేడు గంటలు ఏ బాలింత వల్లా ఒంటరిగా అయ్యే పని కాదు, అందులోనూ కోత పడిన ఒళ్లు. అందుకని ఆమెకు తోడుగా ఇంకొకరిని ఎంచుకోమన్నారు. ఇన్నాళ్లూ గేటు బయట ఫ్లాస్కుతో నిలబడిన మనిషికి అలా లోపల చోటు దొరికింది. అమ్మ స్నానానికో, అన్నానికో, కాస్త కునుకు తీయడానికో లేచినప్పుడు, కిలోన్నర ప్రాణం ఆ మనిషి గుండెల మీదకు మారేది.